కుర్చీ వద్దన్నవారి మంత్రివర్గం: ఆల్బర్టాలో రైతుల ప్రభుత్వం

(రికార్డింగు నుంచి ఎత్తిరాసిన ప్రసంగ పాఠం. ఆ రోజు సభకు రాలేకపోయినవారి కోసం.)

అధ్యక్షులవారికీ, పెద్దలకూ, వెనక వరసల్లో కూర్చున్న విద్యార్థి మిత్రులకూ నమస్కారం. వెనక వరసల వారికి నా గొంతు వినపడకపోతే చెయ్యెత్తండి, మొహమాటపడకండి.

ఒక ప్రశ్నతో మొదలుపెడతాను. ఎన్నికల్లో గెలిచిన పార్టీలో ముఖ్యమంత్రి పదవి కోసం పోటీ జరగడం మనం చూశాం. ఢిల్లీ నుంచి సీల్డు కవరు రావడం చూశాం. శాసనసభ్యులను హోటళ్లలో దాచిపెట్టడమూ చూశాం. కానీ 61 స్థానాలున్న సభలో 38 గెలిచిన పార్టీ, ముఖ్యమంత్రిగా ఎవరిని పెట్టాలా అని వెతుక్కోవడం, అడిగినవారు ఒకరి తరవాత ఒకరు మాకొద్దనడం మీలో ఎవరైనా చూశారా? నేను చూడలేదు, చదివాను. అది కెనడాలో, ఆల్బర్టా అనే రాష్ట్రంలో, 1921 జూలై, ఆగస్టు నెలల్లో జరిగింది. మన పిల్లలు ఇప్పుడు ఉద్యోగాలు చేస్తున్న కాల్గరీ, ఎడ్మంటన్ నగరాలు ఆ రాష్ట్రంలోవే. అక్కడ రైతుల సంఘం ఒకటి మంత్రివర్గం ఏర్పాటు చేసి పద్నాలుగేళ్లు నడిపింది. ఆ మంత్రివర్గం ఎలా పుట్టింది, ఎవరి మాట విన్నది, ఎవరి మాట వినలేకపోయింది అన్నదే ఇవాళ నా విషయం.

ఆల్బర్టా 1905 సెప్టెంబరు 1న రాష్ట్రమైంది. అంతకుముందు నుంచే ప్రభుత్వం పది డాలర్ల రుసుము కట్టించుకుని కుటుంబానికి 160 ఎకరాలు ఇచ్చేది. వినడానికి ఎంత బాగుంది! 160 ఎకరాలు! మన కృష్ణా డెల్టాలో అంత భూమి ఉన్నవాడిని దొర అంటాం. అక్కడ మాత్రం నేల విరిచి, చలికి తట్టుకునే గుడిసె కట్టుకుని, కొన్నేళ్లు అక్కడే ఉండి సాగు చేస్తేనే పట్టా వచ్చేది. పండేది ఒకటే పంట, గోధుమ. అమ్ముకునేది ఒకటే దారి, రైలు. రైలు స్టేషను పక్కన ఎలివేటర్ అనే ఎత్తైన ధాన్యపు గిడ్డంగి ఉంటుంది. అక్కడ కాటా ఆ కంపెనీదే, నాణ్యత తేల్చేదీ ఆ కంపెనీ మనిషే, మట్టి ఉందనీ తేమ ఉందనీ తరుగు తీసేదీ అతనే. తరుగు అన్న మాట వినగానే మీలో కొందరు నవ్వుతున్నారు. నవ్వండి. వరి అయినా గోధుమ అయినా కాటా దగ్గర రైతు నిలబడే తీరు ఒకటే.

అలా ధాన్యం అమ్ముకున్న రైతు ఇంటికి కొనుక్కుపోయే యంత్రం మీద, తూర్పున ఉన్న ఫ్యాక్టరీలను కాపాడటానికి దిగుమతి సుంకం ఉండేది. అమ్మేది ప్రపంచ ధరకు, కొనేది రక్షిత ధరకు. ఈ ఒక్క వాక్యం గుర్తుపెట్టుకుంటే ఆ రైతుల కోపం అర్థమవుతుంది.

1909 జనవరిలో ఎడ్మంటన్‌లో రెండు పాత రైతు సంఘాలు కలిసిపోయి యునైటెడ్ ఫార్మర్స్ ఆఫ్ ఆల్బర్టా ఏర్పడింది. పేరు పొడుగు కాబట్టి ఇకమీదట సంఘం అంటాను. ఊరూరా శాఖలు, ఏటా జనవరిలో మహాసభ, ఆ మహాసభలో వందల తీర్మానాలు. అప్పుడున్న లిబరల్ ప్రభుత్వం ఆ తీర్మానాలను జాగ్రత్తగానే చదివేది. ఆ ప్రభుత్వానికి చివర్లో ప్రీమియర్‌గా ఉన్న చార్లెస్ స్టీవార్ట్ కూడా రైతే. ప్రీమియర్ అంటే మన ముఖ్యమంత్రితో సమానం. మరి తమ మాట వింటున్న ప్రభుత్వాన్ని, అదీ రైతు నడుపుతున్న ప్రభుత్వాన్ని రైతులు ఎందుకు దింపారు?

దీనికి జవాబు కావాలంటే హెన్రీ వైజ్ వుడ్ గురించి చెప్పాలి. ఆయన అమెరికాలోని మిసోరీలో 1860లో పుట్టి, నలభై అయిదేళ్ల వయసులో ఆల్బర్టాలోని కార్‌స్టెయిర్స్ దగ్గరకు వలస వచ్చారు. 1916 నుంచి 1931 దాకా సంఘానికి అధ్యక్షులు. ఆయన వాదన ఇలా ఉండేది: రాజకీయ పార్టీ అనేది రకరకాల ప్రయోజనాలవాళ్లను ఒక గోనె సంచిలో వేసి మూతి కట్టినట్టుంటుంది, చివరికి ఆ సంచి మోసేవాడిదే పెత్తనం. అందుకని పార్టీలు వద్దు. రైతులు రైతులుగా, కార్మికులు కార్మికులుగా, వ్యాపారులు వ్యాపారులుగా ఎవరి సంఘం వారు పెట్టుకుని, ఎవరి ప్రతినిధులను వారు సభకు పంపి, అక్కడ కూర్చుని బేరమాడుకోవాలి. ప్రభుత్వంలో కూడా అన్ని బృందాలకూ వాటా ఉండాలి. దీనికి బృంద ప్రభుత్వం అని పేరు పెట్టారు. ఇది గమనించండి, అధికారం పట్టుకోవడానికి చెప్పిన సిద్ధాంతం కాదిది. ఎవరికీ ఒంటరిగా అధికారం దక్కకూడదని చెప్పిన సిద్ధాంతం.

అసలు వుడ్‌కు సంఘం ఎన్నికల్లోకి దిగడమే ఇష్టం లేదు. అమెరికాలో తాను చూసిన రైతు సంఘాలు రాజకీయాల్లో దిగి చీలిపోయాయని ఆయన భయం. కానీ సరిహద్దు అవతల నార్త్ డకోటాలో పుట్టిన నాన్ పార్టిజన్ లీగ్ అనే రైతుల రాజకీయ సంస్థ ఆల్బర్టాకు పాకింది. 1917 ఎన్నికల్లో ఇద్దరిని గెలిపించింది కూడా. ఆ ఇద్దరిలో ఒకరు లూయీజ్ మెకినీ అనే స్త్రీ. ఇక సంఘం దిగకపోతే సభ్యులే సంఘాన్ని వదిలి లీగ్ వెంట పోతారు. అందుచేత 1919లో మహాసభ ఎన్నికల బాట పట్టింది. అదే ఏడాది కాక్రేన్ ఉప ఎన్నికలో సంఘం అభ్యర్థి గెలిచాడు. వద్దనుకున్నవాళ్లు దిగారు, దిగినవాళ్లు గెలవడం మొదలుపెట్టారు.

ఇక 1921 జూలై 18. ఈ ఎన్నికలో సంఘానికి నాయకుడు లేడు. పోస్టరు మీద వేయడానికి ముఖం లేదు. ఏ నియోజకవర్గం రైతులు ఆ నియోజకవర్గం అభ్యర్థిని ఎంచుకున్నారు, ఖర్చు వాళ్లే పెట్టుకున్నారు. పట్టణాలను దాదాపు వదిలేశారు, ఎందుకంటే పట్టణంలో రైతు ఎక్కడున్నాడు? ఫలితం వచ్చేసరికి సంఘానికి 38, లిబరళ్లకు 15 స్థానాలు, మిగిలినవి కార్మిక సభ్యులకూ స్వతంత్రులకూ, ఒక్కటి కన్సర్వేటివ్‌కూ దక్కాయి. ఇందులో ఒక తమాషా ఉంది. మొత్తం ఓట్లు లెక్కవేస్తే లిబరళ్లకే ఎక్కువ వచ్చాయి. ఎడ్మంటన్, కాల్గరీలలో ఒక్కో ఓటరుకు అయిదేసి ఓట్లు ఉండేవి కాబట్టి ఆ లెక్క కొంత ఉబ్బిన లెక్కే, అయినా లెక్క లెక్కే. రైతులు మాత్రం ఈ విషయాన్ని మరిచిపోలేదు. 1924లో ఎన్నికల చట్టం మార్చి, నగరాల్లో దామాషా పద్ధతినీ, పల్లెల్లో ప్రాధాన్య ఓటునూ పెట్టారు. గెలిపించిన పద్ధతిని గెలిచినవాళ్లే మార్చుకోవడం లోకంలో అరుదు.

ఇప్పుడు మంత్రివర్గం దగ్గరకు వద్దాం. గెలిచిన 38 మందీ కాల్గరీలో సమావేశమయ్యారు. సహజంగానే అందరి చూపూ వుడ్ మీదకు పోయింది. ఆయన కాదన్నారు. సంఘమే తన పని అనీ, ప్రభుత్వం నడపడం వేరే పని అనీ ఆయన పట్టు. సరే, మరెవరు? సంఘానికి న్యాయ సలహాదారుగా ఉన్న జాన్ బ్రౌన్లీ పేరు వచ్చింది. ముప్పై ఏడేళ్ల వకీలు. లెక్కలు, చట్టాలు, కంపెనీల కాగితాలు ఆయనకు కొట్టిన పిండి. ఆయనా కాదన్నారు. తాను రైతును కాననీ, రైతుల ప్రభుత్వానికి పెద్దగా రైతే ఉండాలనీ ఆయన చెప్పిన కారణం. చివరికి హెర్బర్ట్ గ్రీన్‌ఫీల్డ్ దగ్గర ఆగారు. ఇంగ్లండులోని వించెస్టర్‌లో పుట్టి, 1892లో కెనడా చేరి, ఆ తరవాత ఎడ్మంటన్‌కు ఉత్తరాన వెస్ట్‌లాక్ దగ్గర సేద్యం చేసుకుంటున్న మనిషి, సంఘానికి ఉపాధ్యక్షుడు. మనిషి నిలువెత్తు, మాట మెత్తన, స్వభావం మంచిది. ఆయన అసలు ఎన్నికల్లో పోటీయే చేయలేదు!

1921 ఆగస్టు 13న ప్రమాణ స్వీకారం జరిగింది. ఆ మంత్రివర్గం కూర్పు కొంచెం నిదానంగా చూడాలి, ఎందుకంటే సంఘం సిద్ధాంతం ఎంత నిలిచింది, ఎంత వంగింది అన్నది ఆ పేర్లలోనే ఉంది. ప్రీమియర్ గ్రీన్‌ఫీల్డ్ సభ్యుడు కాదు. అటార్నీ జనరల్‌గా బ్రౌన్లీ, ఆయనా సభ్యుడు కాదు. ఇద్దరూ ఆ ఏడాది చివర ఉప ఎన్నికల్లో సభకు వచ్చారు. వ్యవసాయ శాఖ జార్జ్ హోడ్లీకి ఇచ్చారు. ఈయన పశువుల పెంపకందారు, కొంతకాలం ముందు వరకూ కన్సర్వేటివ్ పక్షానికి సభలో నాయకుడు. సభా వ్యవహారాల్లో నలిగిన చెయ్యి ఒకటి కావాలి కదా! విద్యాశాఖ పెరెన్ బేకర్‌కు, పురపాలనా ఆరోగ్యమూ రిచర్డ్ గావిన్ రీడ్‌కు, రైళ్లూ టెలిఫోన్లూ వెర్నార్ స్మిత్‌కు దక్కాయి. ప్రజాపనుల శాఖను కాల్గరీ కార్మిక సభ్యుడు అలెక్స్ రాస్‌కు ఇచ్చారు. ఆయన వృత్తి రాళ్లు చెక్కడం. రాతిపని చేసినవాడికి ప్రజాపనులు ఇవ్వడం నాకు ముచ్చటగా తోచింది. సొంత బలంతోనే సభలో మెజారిటీ ఉన్నా కార్మికులకు ఒక మంత్రి పదవి ఇచ్చారంటే బృంద ప్రభుత్వం అన్న మాటకు అంత మేరకు కట్టుబడ్డారన్నమాట.

ఇక ఐరీన్ పార్ల్‌బీ. శాఖ లేని మంత్రి. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తంలో మంత్రి అయిన రెండో స్త్రీ. మొదటి ఆమె అదే ఏడాది కొన్ని నెలల ముందు పక్కనున్న బ్రిటిష్ కొలంబియాలో మంత్రి అయ్యారు. పార్ల్‌బీ లండన్‌లో పుట్టి, చిన్నతనంలో కొంతకాలం మన దేశంలో పెరిగారు, తండ్రి ఉద్యోగం ఇక్కడ. తరవాత ఆల్బర్టాలో ఏలిక్స్ అనే ఊరి దగ్గర సంసారం. సంఘానికి అనుబంధంగా ఉన్న రైతు మహిళల సంఘాన్ని నిలబెట్టింది ఆమే. పల్లెల్లో ఆసుపత్రులు, పురుళ్లకు నర్సులు, ఆస్తిలో భార్య వాటా, ఇవీ ఆమె పట్టించుకున్న విషయాలు. భార్యాభర్తల ఉమ్మడి ఆస్తి గురించి ఆమె తెచ్చిన ప్రతిపాదన చట్టం కాలేదు. మంత్రి పదవి ఇచ్చారు కానీ శాఖ ఇవ్వలేదు, పద్నాలుగేళ్లలో ఒక్కసారి కూడా ఇవ్వలేదు. దీన్ని మనం దాటేసి పోకూడదు. 1929లో స్త్రీలు కూడా చట్టం దృష్టిలో సెనేట్‌కు అర్హులైన వ్యక్తులేనని లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ నుంచి, అంటే అప్పటి కెనడా కేసులకు ఆఖరి అప్పీలు కోర్టు నుంచి, తీర్పు తెచ్చిన అయిదుగురిలో ఆమె ఒకరు. నేను ఇందాక చెప్పిన లూయీజ్ మెకినీ మరొకరు.

మన దేశంలో ఇలాంటిది జరగలేదా అని మీరు అడగవచ్చు. జరిగింది. 1937లో పంజాబులో యూనియనిస్టు పార్టీ, బెంగాల్లో ఫజ్లుల్ హక్ గారి కృషక్ ప్రజా పార్టీ రాష్ట్ర ప్రభుత్వాలకు నాయకత్వం వహించాయి, బెంగాల్లోనైతే పొత్తులతో. మన వైపు ఎన్.జి. రంగా గారు 1951లో కృషికార్ లోక్ పార్టీ పెట్టి, మరుసటి ఏడు మద్రాసు శాసనసభలో 15 స్థానాలు తెచ్చుకున్నారు. కానీ వీటన్నిటికీ ముందు నాయకుడు, తరవాత పార్టీ. ఆల్బర్టాలో ముందు సంఘం, తరవాత గెలుపు, ఆ తరవాత నాయకుడు. ఆ తేడా వల్లే అక్కడి చిక్కు వేరుగా ఉంది.

ఏమిటా చిక్కు? మంత్రి ఎవరికి జవాబుదారీ? మీరు చెప్పండి. రాజ్యాంగ పద్ధతి ప్రకారం మంత్రివర్గం శాసనసభకు జవాబుదారీ. సంఘం పద్ధతి ప్రకారం ప్రతి సభ్యుడూ తన నియోజకవర్గం శాఖకు జవాబుదారీ, అందరూ కలిసి జనవరి మహాసభకు జవాబుదారీ. పార్టీ విప్ అన్న మాటే వాళ్లకు బూతు. అందుచేత వెనక బెంచీల్లో ఉన్న రైతు సభ్యులు కొత్తలో ఎలా ఓటు వేశారంటే, మంత్రి ప్రవేశపెట్టిన బిల్లు తమ ఊరివాళ్లకు నచ్చకపోతే దానికి వ్యతిరేకంగా చెయ్యెత్తేవారు. బిల్లు ఓడిపోతే ప్రభుత్వం దిగిపోనక్కర్లేదు, సూటిగా అవిశ్వాస తీర్మానం నెగ్గితేనే దిగాలి అని నియమం పెట్టుకుందామని కూడా సభలో వాదించారు. సిద్ధాంతంగా చూస్తే ఇందులో తప్పేముంది? ఏమీ లేదు. కానీ సభలో ఏ రోజు ఏ బిల్లు నెగ్గుతుందో తెలియని మంత్రి, బ్యాంకు దగ్గరకు అప్పుకు వెళితే ఏమని చెప్పాలి?

గ్రీన్‌ఫీల్డ్ ఈ రెండు గుర్రాల మధ్య నలిగిపోయారు. మంచి మనిషి, కాని సభలో కటువుగా ఉండలేకపోయారు. 1922లో భార్య చనిపోయింది. చేతికొచ్చిన ప్రతి చిక్కు కాగితమూ బ్రౌన్లీ గది వైపు నడవడం మొదలుపెట్టింది. రైతును కాను కాబట్టి వద్దన్న ఆ వకీలే రైతుల మంత్రివర్గానికి అసలు ఇరుసు అయ్యారు.

అసలు పరీక్ష ఆగ్నేయ ఆల్బర్టాలో ఎదురైంది. 1917 నుంచి అక్కడ ఏటికేడు వానలు ముఖం చాటేశాయి. మెడిసిన్ హాట్ చుట్టుపక్కల విశాలమైన మెట్ట నేల, అసలు అక్కడ గోధుమ వేయకుండా ఉండాల్సిందని ఇప్పుడంటారు; అప్పుడు మాత్రం ప్రభుత్వాలూ రైలు కంపెనీలే జనాన్ని పిలిచి కూర్చోబెట్టాయి. యుద్ధకాలంలో ధర బాగుందని అప్పు చేసి యంత్రాలు కొన్నారు. 1919 పంటకు కేంద్రం పెట్టిన గోధుమ బోర్డు బుషెల్‌కు, అంటే సుమారు 27 కిలోలకు, అన్నీ కలిపి 2 డాలర్ల 63 సెంట్లు ఇచ్చింది. మరుసటి ఏడు బోర్డు ఎత్తేశారు. తరవాత రెండు మూడేళ్లలో ధర పడి పడి డాలరు దగ్గరకు వచ్చేసింది. అప్పు మాత్రం పడలేదు. అప్పుకు వానతో పని లేదు కదా.

ఇక్కడ సంఘం సభ్యులు అడిగింది సూటిగా ఉంది: మా ప్రభుత్వమే వచ్చింది కాబట్టి బాకీల వసూలు ఆపండి. ఇంకొందరు ఇంకో అడుగు వేసి, రాష్ట్రమే సొంత బ్యాంకు పెట్టాలని మహాసభల్లో గట్టిగా వాదించారు. మంత్రివర్గం ఏం చేసింది? 1922లో కరువు ప్రాంతానికి సహాయ చట్టం, 1923లో రుణ సర్దుబాటు చట్టం తెచ్చింది. ఆ చట్టాల ప్రకారం ఒక కమిషనరు రైతుకూ అప్పిచ్చినవాడికీ మధ్య కూర్చుని, ఉన్న పంట ఎంత, ఎవరికి ఎంత, మిగతాది ఎన్నాళ్లకు అని ఒప్పందం కుదర్చాలి. వేరే చోటికి తరలిపోయే కుటుంబాలకు సామాను రవాణాలో సాయం చేశారు. బ్యాంకు మాత్రం పెట్టలేదు. అసలు బాకీ మీద చెయ్యీ వేయలేదు. మన మద్రాసు రాష్ట్రంలో 1938లో రాజాజీ ప్రభుత్వం రైతు రుణ విమోచన చట్టం తెచ్చి పాత బాకీల మీద వడ్డీకి కత్తెర వేసింది. అది రైతుల పార్టీ కాదు. రైతుల పార్టీ అయిన ఆల్బర్టా సంఘం అంత దూరం పోలేకపోయింది. ఎందుకు?

ఎందుకంటే ఆ రాష్ట్ర ప్రభుత్వమే పెద్ద అప్పులో ఉంది. పాత ప్రభుత్వం హామీ ఉండి కట్టించిన రైలు మార్గాలు నష్టాల్లో పడి రాష్ట్రం నెత్తిన పడ్డాయి. ఆ బాకీలకు వాయిదాలు కట్టాలన్నా కొత్త అప్పులు తేవాలన్నా బాండ్లు కొనేవారి నమ్మకం కావాలి. రైతు బాకీ కొట్టివేసిన రాష్ట్రం రేపు తన బాకీ కూడా కొట్టివేస్తుందేమో అని వాళ్లు అనుకుంటే పని అయిపోయినట్టే. బ్రౌన్లీకి ఈ లెక్క బాగా తెలుసు. నా అభిప్రాయం చెబుతాను, మీరు ఒప్పుకోనక్కర్లేదు: ఆ క్షణం నుంచి అది రైతుల మంత్రివర్గం అయినా, పెద్ద బాకీదారు జాగ్రత్తతో నడిచిన మంత్రివర్గం. బాకీదారుకు పరువే పెట్టుబడి. అందుకే ప్రతి రూపాయి, క్షమించండి, ప్రతి డాలరూ లెక్కచూసుకున్నారు.

మరి రైతుకు నిజంగా ఒరిగిన మేలు ఏది? నా లెక్కలో అది గోధుమ పూల్, అంటే రైతులంతా తమ గోధుమను ఒక్కచోట కలిపి అమ్ముకునే సహకార సంఘం. అది సచివాలయంలో పుట్టలేదు, సంఘంలో పుట్టింది. 1923 ఆగస్టులో కాలిఫోర్నియా నుంచి ఏరన్ సపైరో అనే సహకార న్యాయవాది వచ్చి ఆల్బర్టా సభల్లో ఊపేశాడు. అయిదేళ్లపాటు పండిన గోధుమంతా పూల్‌కే ఇస్తామని రైతులు ఒప్పందాలు రాశారు. కోతల హడావిడిలోనే, ఇంటింటికీ తిరిగి, వేల సంతకాలు తెచ్చారు. అక్టోబరు 29న పూల్ ధాన్యం తీసుకోవడం మొదలుపెట్టింది. ధాన్యం దించగానే బుషెల్‌కు 75 సెంట్లు చేతికి, తరవాత అమ్మిన ధరను బట్టి మిగతాది వాయిదాల్లో. కోతల నెలలో అందరూ ఒకేసారి మార్కెట్‌కు పోటెత్తి ధర పడగొట్టుకోవడం ఇక ఉండదు. పూల్‌కు అధ్యక్షుడు వుడ్, దాని కాగితాలు రాయించడంలో బ్రౌన్లీ చెయ్యి, బ్యాంకుల దగ్గర దారి సులువు చేయడంలో ప్రభుత్వం మాట. ఇక్కడ చూడండి, మంత్రి కుర్చీ వద్దన్న వుడ్ తన పని తాను ఎక్కడ వెతుక్కున్నారో. ప్రభుత్వం పక్కన నిలబడింది, సంఘం పని చేసింది.

మద్యనిషేధం సంగతి ఒక్క మాటలో చెప్పి ముందుకు పోతాను. 1916 నుంచి అమలులో ఉన్న నిషేధం మీద 1923 నవంబరులో ప్రజల ఓటు అడిగారు. ప్రజలు వద్దన్నారు. సంఘంలో చాలామంది నిషేధవాదులే అయినా ప్రభుత్వం ఆ తీర్పుకు తలవంచి మరుసటి ఏడు సర్కారు దుకాణాలు తెరిచింది.

1925 నాటికి వెనక బెంచీల సభ్యులకే ఓపిక అయిపోయింది. గ్రీన్‌ఫీల్డ్ దిగి బ్రౌన్లీ రావాలని వాళ్లే కోరారు. పార్టీ నాయకత్వం అంటేనే గిట్టని మనుషులు గట్టి నాయకుడి కోసం అడిగారంటే నాలుగేళ్ల అనుభవం వాళ్లను ఎక్కడికి తెచ్చిందో ఊహించుకోండి. గ్రీన్‌ఫీల్డ్ పేచీ పెట్టకుండా తప్పుకున్నారు; అడిగినప్పుడు వచ్చినట్టే, పొమ్మన్నప్పుడు పోయారు. నవంబరు 23న బ్రౌన్లీ ప్రీమియర్ అయ్యారు. 1926 జూన్ ఎన్నికల్లో సంఘానికి 60లో 43 వచ్చాయి, 1930లో 63లో 39.

బ్రౌన్లీ హయాంలో రెండు పెద్ద పనులు జరిగాయి. నష్టాల రైలు మార్గాలను రెండు పెద్ద రైల్వే కంపెనీలకు కలిపి అమ్మేశారు. రెండోది ఇంకా పెద్దది. ఆల్బర్టా రాష్ట్రమైనప్పుడు నేల, అడవి, భూగర్భంలోని ఖనిజాలు కేంద్రం తన చేతిలోనే ఉంచుకుంది. పాత రాష్ట్రాలకు ఉన్న హక్కు కొత్త రాష్ట్రానికి లేదు. ఏళ్ల తరబడి బేరమాడి, 1929 డిసెంబరు 14న బ్రౌన్లీ కెనడా రాజధాని ఒట్టావాలో ఒప్పందం మీద సంతకం చేశారు. 1930 అక్టోబరు నుంచి వనరులన్నీ రాష్ట్రానివి. పదిహేడేళ్లకు, 1947 ఫిబ్రవరిలో, లెడ్యూక్ దగ్గర చమురు ఎగజిమ్మింది. అప్పటికి రైతుల ప్రభుత్వం పోయి పన్నెండేళ్లు. నారు పోసింది ఒకరు, కుప్ప నూర్చుకుంది ఇంకొకరు.

పొగడ్తలు ఇక్కడ ఆపాలి. 1928లో ఇదే ప్రభుత్వం మానసిక వైకల్యం ఉందని ముద్రపడినవారికి పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స చేయించే చట్టం తెచ్చింది. రైతు మహిళల సంఘమే దాన్ని కోరింది. పార్ల్‌బీ కూడా సమర్థించారు. ఆ చట్టం 1972 దాకా బతికింది, 2,800 మందికి పైగా మనుషుల మీద కత్తి పెట్టింది. స్త్రీల హక్కుల కోసం లండన్ దాకా పోరాడిన మనిషీ, పల్లెకు నర్సు కావాలని తపించిన మనిషీ, ఈ చట్టం వెనక నిలబడిన మనిషీ ఒక్కరే. కాలం అలాంటిదని కొందరు సర్దిచెబుతారు. అప్పుడే సభలో దాన్ని వ్యతిరేకించినవాళ్లూ ఉన్నారు కాబట్టి ఆ సర్దుబాటు నాకు సరిపోదు.

ఆ తరవాత మాంద్యం. 1929లో పూల్ రైతుకు ధాన్యం దించగానే బుషెల్‌కు డాలరు ఇచ్చింది. మార్కెట్ ధర ఆ డాలరు కిందకు జారింది. ఇచ్చిన సొమ్ము రైతు దగ్గర ఉంది, ధాన్యం పూల్ దగ్గర ఉంది, అప్పు బ్యాంకు పుస్తకంలో ఉంది. ప్రభుత్వమే హామీ ఉండాల్సి వచ్చింది. 1932 డిసెంబరు నాటికి బుషెల్ నలభై సెంట్ల కిందకు పడిపోయింది. పదేళ్ల కిందటి మాటే రైతులు మళ్లీ అడిగారు: బాకీలు ఆపండి. ప్రభుత్వం మళ్లీ అదే జాగ్రత్త పాట పాడింది. ఈలోగా సంఘంలో ఎడమవైపు మొగ్గినవారు 1932లో కాల్గరీలో పుట్టిన సీసీఎఫ్ అనే సోషలిస్టు పక్షంతో చేయి కలిపారు. మంత్రివర్గం ఒక దారి, సంఘం ఒక దారి. దానికి తోడు 1934లో బ్రౌన్లీ మీద ఒక యువతి, ఆమె తండ్రి వేసిన వ్యక్తిగత దావాలో జ్యూరీ ఆయనకు వ్యతిరేకంగా తేల్చింది. ఆయన జూలైలో రాజీనామా చేశారు. 1921 నుంచి మంత్రిగా ఉన్న రీడ్ ప్రీమియర్ అయ్యారు.

అప్పుడు రేడియోలో ఒక గొంతు వినపడింది. విలియం ఏబర్‌హార్ట్, కాల్గరీలో హైస్కూలు ప్రధానోపాధ్యాయుడు, ఆదివారం రేడియోలో బైబిల్ బోధకుడు. సోషల్ క్రెడిట్ అనే సిద్ధాంతం చెబుతూ, పెద్దవారికి తలకు నెలకు 25 డాలర్ల లాభాంశం వస్తుందన్నాడు. 1935 జనవరి మహాసభకు సంఘమే ఆయన్ను పిలిచి వినింది. విని, ఆ కార్యక్రమాన్ని తోసిపుచ్చింది. వేదిక మీద తీర్మానం ఓడింది కానీ ఊళ్లలో నెగ్గింది. అదే ఊరి శాఖలు, అదే చర్చి హాళ్లు, అదే రైతులు! సంఘం ఇరవై అయిదేళ్లు నేర్పిన మీటింగు పద్ధతిలోనే సోషల్ క్రెడిట్ బృందాలు కూర్చున్నాయి. 1935 ఆగస్టు 22న ఏబర్‌హార్ట్ పక్షం 63లో 56 గెలిచింది. సంఘానికి వచ్చినవి సున్నా. ప్రీమియర్ రీడ్ ఓడారు, బ్రౌన్లీ ఓడారు, పోటీ చేసిన సంఘం అభ్యర్థుల్లో ఒక్కరు కూడా సభకు రాలేదు. పార్ల్‌బీ ఆ ఎన్నికల్లో నిలబడలేదు.

సంఘం మాత్రం చావలేదు. కొద్ది ఏళ్లలో రాజకీయాలు మానుకుని వ్యాపారంలోకి వెళ్లింది. ఇప్పటికీ ఆల్బర్టా పల్లెల్లో ఆ పేరుతో డీజిల్ బంకులూ, కంచె తీగలూ పశువుల దాణా అమ్మే దుకాణాలూ ఉన్నాయి. అక్కడున్న మన తెలుగువాళ్లు ఆ బోర్డు పక్క నుంచే కారులో పోతుంటారు. రైతును కానంటూ మొదట ప్రీమియర్ పదవి వద్దన్న బ్రౌన్లీ, రాజకీయాలు ముగిశాక రైతుల ధాన్యం కంపెనీ యునైటెడ్ గ్రెయిన్ గ్రోయర్స్‌లో చేరి, 1948లో దానికి అధ్యక్షుడై, 1961లో చనిపోయే ఏడాది దాకా అక్కడే ఉన్నారు.

ఇందాక మూడో వరసలో ఒకాయన చెయ్యెత్తారు, నేను చూసి కూడా ఆగలేదు, క్షమించాలి. మహాసభ తీర్మానం మంత్రిని కట్టివేయాలా వద్దా అన్నదే మీ ప్రశ్న అయితే ముందు మీరే మాట్లాడండి, మైకు అటు పంపుతున్నాను.